సముద్రపు నీటిలోని సేంద్రియ రేణువులను ల్యాబ్‌లో ఎలా కొలుస్తారు? తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖ తీరం నుంచో, గోదావరి ముఖద్వారం నుంచో, బంగాళాఖాతం నడిమధ్య నుంచో వచ్చిన నీటి శాంపిళ్లతో కొత్తగా పని మొదలుపెట్టే ఎమ్మెస్సీ విద్యార్థులు, ప్రాజెక్ట్ అసిస్టెంట్లు, రీసెర్చ్ స్కాలర్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. జవాబుల్లో కార్బన్ కొలిచే యంత్రం గురించి తక్కువే ఉంటుంది. యంత్రం దాకా వెళ్లకముందు జరిగే పని గురించే ఎక్కువ రాశాను. అంకె బాగుపడేదీ, పాడయ్యేదీ అక్కడే.

సేంద్రియ రేణువులు అంటే ఏమిటి? నీటిలో కరిగిన సేంద్రియ పదార్థం వేరా?

వేరే. బతికి ఉన్న వృక్ష ప్లవకాలు, బ్యాక్టీరియా, చిన్న జంతు ప్లవకాలు, వాటి మలపు గుళికలు, చచ్చిన కణాల ముక్కలు, జిగట పదార్థంతో అతుక్కుని ముద్దలైన తెట్టు, నది మోసుకొచ్చిన ఆకుల పొడి, మట్టికి అంటుకున్న సేంద్రియ పదార్థం, ఇవన్నీ రేణువులే. ఈ ముద్దలు అర మిల్లీమీటరు కంటే పెద్దవైతే వాటిని సముద్ర మంచు అంటారు. వీటన్నిటిలో ఉన్న కార్బన్‌ను కలిపి పార్టిక్యులేట్ ఆర్గానిక్ కార్బన్ అంటాం. ల్యాబ్‌లో అందరూ పీఓసీ అనే పిలుస్తారు కాబట్టి ఇక్కడా అదే వాడుతున్నాను. ఫిల్టర్ గుండా కిందికి జారిపోయేది కరిగిన సేంద్రియ కార్బన్, అంటే డీఓసీ.

పరిమాణంలో ఈ రెండిటికీ చాలా తేడా ఉంది. తీరానికి దూరంగా, పై పొరలో పీఓసీ సాధారణంగా లీటరుకు కొన్ని పదుల మైక్రోగ్రాములు ఉంటుంది. వెయ్యి మీటర్ల కిందికి వెళితే అయిదో పదో మైక్రోగ్రాములకు పడిపోతుంది. అదే నీటిలో డీఓసీ సుమారు 500 నుంచి 1,000 మైక్రోగ్రాముల దాకా ఉంటుంది. మనం కొలిచే వస్తువు చుట్టూ దానికి పది రెట్ల నుంచి వంద రెట్ల వరకు ఉండే మరో కార్బన్ ఉందన్న మాట. కింద వచ్చే బ్లాంక్ (రేణువులది కాకుండా అంకెలో వచ్చి కలిసే కార్బన్) గొడవంతా ఇక్కడి నుంచి పుట్టిందే.

రేణువుకీ కరిగినదానికీ మధ్య గీత 0.7 మైక్రాన్ల దగ్గరే ఎందుకు గీశారు?

ప్రకృతిలో అలాంటి గీత ఏదీ లేదు. అది ఫిల్టర్ గీసిన గీత. ప్రపంచమంతా వాడుతున్న జీఎఫ్/ఎఫ్ అనే గ్లాస్ ఫైబర్ ఫిల్టర్‌కు తయారీదారు చెప్పే రంధ్రం సైజు 0.7 మైక్రాన్లు. దీన్ని ఎంచుకోవడానికి అసలు కారణం సైజు కాదు, వేడికి తట్టుకోవడం. గాజు పీచు కాబట్టి 450 డిగ్రీల సెల్సియస్ దగ్గర నాలుగైదు గంటలు కాల్చినా ఫిల్టర్ చెడదు, అందులో ముందే ఉన్న కార్బన్ మాత్రం కాలిపోతుంది. పాలీకార్బనేట్, సెల్యులోజ్ ఫిల్టర్లు స్వయంగా కార్బన్‌తో తయారైనవే. పీఓసీకి అవి పనికిరావు.

ఇందువల్ల ఒక నష్టం ఉంది. సముద్రంలో స్వేచ్ఛగా తేలే బ్యాక్టీరియాలో చాలా వాటి వ్యాసం అర మైక్రాను చుట్టుపక్కలే ఉంటుంది. వాటిలో కొంత భాగం ఫిల్టర్ దాటిపోతుంది. పైగా గాజు పీచు జల్లెడలాంటిది కాదు, దానిలో అన్ని రంధ్రాలూ ఒకే సైజులో ఉండవు. నీరు పోసేకొద్దీ పీచు మధ్య సందులు పూడిపోయి ఇంకా చిన్న రేణువులు కూడా ఆగడం మొదలవుతుంది. అందుకే 0.7 అనే అంకెను ఖచ్చితమైన హద్దుగా చూడకూడదు. ఫలితం రాసేటప్పుడు ఏ ఫిల్టర్ వాడారో తప్పక రాయాలి.

శాంపిల్ పట్టేటప్పుడు ఏ జాగ్రత్త తీసుకోవాలి?

ఓడ మీద సీటీడీ రోసెట్‌కు (ఉప్పదనం, వేడి, లోతు కొలిచే పరికరం ఉన్న చట్రం) బిగించిన నిస్కిన్ బాటిళ్లలో (కోరిన లోతులో మూసుకునే గొట్టం బాటిళ్లు) నీరు పైకి వస్తుంది. బాటిల్ కుళాయి అడుగుకు కొంచెం పైన ఉంటుంది. రోసెట్ డెక్ మీదికి వచ్చాక మిగతా శాంపిళ్లు పట్టుకునేలోగా బరువైన రేణువులు కుళాయి కిందికి దిగిపోతాయి. ఆక్సిజన్‌కు, పోషకాలకు నీరు పట్టుకుని చివర్న పీఓసీకి వస్తే బరువైన రేణువుల్లో కొన్ని బాటిల్ అడుగునే మిగిలిపోతాయి. పీఓసీకి వీలైతే ఒక బాటిల్ పూర్తిగా కేటాయించి, నీరంతా దించేసి, కార్బాయ్ అనే పెద్ద సీసాలో మెల్లగా తిప్పి కలిపాక వడపోయాలి. గట్టిగా ఊపితే మెత్తటి ముద్దలు విరిగిపోతాయి.

జంతు ప్లవకాలు పడితే? ఒక్క కోపెపాడ్ ఫిల్టర్ మీద పడినా దాని కార్బన్ మొత్తం శాంపిల్‌ను మార్చేయగలదు. చాలామంది 200 మైక్రాన్ల మెష్ గుండా ముందే వడగడతారు. కొందరు ఫిల్టర్ మీద కంటికి కనిపించినవాటిని ఫోర్సెప్స్‌తో తీసేస్తారు. రెండూ ఫర్వాలేదు. కానీ ఒకే క్రూయిజ్‌లో కొన్ని శాంపిళ్లకు ఒక పద్ధతి, కొన్నిటికి ఇంకో పద్ధతి పెట్టకండి.

ఎంత నీరు వడపోయాలి?

ఎక్కువమంది దీనికి ఒక స్థిరమైన అంకె కావాలంటారు. అలాంటి అంకె లేదు. ఫిల్టర్ మీద ఎంత కార్బన్ చేరుతుందో ముందే లెక్కేసుకోవాలి.

ఉదాహరణకు పై పొరలో పీఓసీ లీటరుకు 50 మైక్రోగ్రాములు ఉందనుకుందాం. రెండు లీటర్లు పోస్తే ఫిల్టర్ మీద 100 మైక్రోగ్రాములు చేరుతుంది. బ్లాంక్ 8 మైక్రోగ్రాములైతే అది శాంపిల్‌లో పన్నెండో వంతు. ఇబ్బంది లేదు. అదే రెండు లీటర్లు 1,500 మీటర్ల లోతు నుంచి తెచ్చిన నీరైతే, లీటరుకు 5 మైక్రోగ్రాముల చొప్పున వచ్చేది 10 మాత్రమే. బ్లాంకూ శాంపిలూ దాదాపు సమానం. ఆ అంకె మీద ఏ గ్రాఫూ గీయలేం. లోతు నీటికి కనీసం ఐదు నుంచి పది లీటర్లు పోయాలి, లేదా నీటి లోపలే నడిచి వందల లీటర్లు వడపోసే పంపు వాడాలి.

ముఖద్వారంలో పరిస్థితి పూర్తిగా తిరగబడుతుంది. ఆగస్టులో ధవళేశ్వరం నుంచి వరద నీరు వదులుతున్నప్పుడు గౌతమి పాయలో 100 మిల్లీలీటర్లకే ఫిల్టర్ బురదతో మూసుకుపోతుంది. అదే ఏప్రిల్‌లో, నది నుంచి నీరు దాదాపు రానప్పుడు, అదే చోట అర లీటరో లీటరో సులువుగా దిగుతుంది. మూసుకుపోయిన ఫిల్టర్‌తో గంటసేపు కుస్తీ పట్టడం వద్దు. చుక్కలు పడటం నెమ్మదించగానే ఆపి, అప్పటిదాకా ఎంత దిగిందో ఖచ్చితంగా కొలిచి రాయండి. వాల్యూమ్ తప్పుగా రాస్తే ఆ తర్వాత ఏ యంత్రమూ దాన్ని సరిచేయలేదు.

వాక్యూమ్ ఎంత పెట్టాలి?

తక్కువ. 100 నుంచి 150 మిల్లీమీటర్ల పాదరసం దగ్గర ఉంచితే మంచిది, 200 దాటకూడదు. పంపు గట్టిగా లాగితే సున్నితమైన కణాలు పగిలి, లోపలి పదార్థం కరిగినదానితో కలిసి కిందికి పోతుంది. ఫిల్టర్‌ను ఎండిపోయేదాకా పీల్చనివ్వడం కూడా మంచిది కాదు.

వడపోశాక ఫిల్టర్‌ను మంచినీటితో కడగాలా? ఉప్పు మిగిలిపోతుంది కదా?

పీఓసీ కోసమైతే డిస్టిల్డ్ వాటర్‌తో కడగవద్దు. ఉప్పునీటిలో ఉన్న కణం మీద ఒక్కసారిగా మంచినీరు పడితే అది ఉబ్బి పగులుతుంది. కావాలంటే ముందే వడపోసిన సముద్రపు నీటిని కొద్దిగా పోసి గరాటు గోడలకు అంటుకున్నదాన్ని దించుకోవచ్చు. మిగిలే ఉప్పు కార్బన్ లెక్కను పెద్దగా మార్చదు. కాకపోతే యంత్రంలో దహన గొట్టం త్వరగా అరిగిపోతుంది.

తేలే పదార్థం మొత్తం బరువు తూచే పనికి మాత్రం ఉప్పు పెద్ద శత్రువు. ఫిల్టర్ అంచుల్లో ఇంకిపోయిన ఉప్పే కొన్నిసార్లు అసలు శాంపిల్ కంటే బరువుంటుంది. అక్కడ కడిగి తీరాలి. కొన్ని ల్యాబ్‌లు దానికి అమ్మోనియం ఫార్మేట్ ద్రావణం వాడతాయి. అందులో కార్బన్, నత్రజని రెండూ ఉన్నాయి కాబట్టి పీఓసీ ఫిల్టర్ దగ్గరికి దాన్ని రానివ్వకండి. తూకానికి ఒక ఫిల్టర్, పీఓసీకి ఇంకొకటి విడిగా పెట్టుకోవడమే నా సలహా.

ఫిల్టర్‌ను ఎలా దాచాలి?

ముందే కాల్చిన అల్యూమినియం ఫాయిల్‌లో మడిచి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టండి. నెలల తరబడి ఉంచాల్సి వస్తే మైనస్ 80 మేలు. ఓడలో ఫ్రీజర్ జాగా దొరక్కపోతే వెంటనే 60 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి డెసికేటర్‌లో ఉంచవచ్చు. తడి ఫిల్టర్‌ను గది వేడిలో వదిలేస్తే బ్యాక్టీరియా మీ శాంపిల్‌ను తినేస్తుంది. విశాఖ ఉక్కపోతలో ఇది చాలా త్వరగా జరుగుతుంది.

ఫాయిల్ మీద మార్కర్‌తో రాసినవి చెమ్మకు చెరిగిపోతాయి. స్టేషన్, లోతు, వాల్యూమ్ మూడూ లాగ్‌బుక్‌లోనూ, కవర్ మీదా పెన్సిల్‌తో రాయండి.

ఆసిడ్ ఆవిరి పట్టించడం ఎందుకు?

ఫిల్టర్ మీద సేంద్రియ కార్బన్‌తో పాటు కార్బనేట్ కూడా ఉంటుంది. కోకోలిథోఫోర్లనే వృక్ష ప్లవకాల పలకలు, ఫోరామినిఫెరా అనే ఏకకణ జీవుల గుల్లలు, నది తెచ్చిన సున్నపు రేణువులు అన్నీ కాల్షియం కార్బనేటే. యంత్రం వేడికి అది కూడా కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోతుంది. అది సేంద్రియమా కాదా అన్నది యంత్రానికి తెలియదు. అందుకే కాల్చే ముందు దాన్ని తీసేయాలి.

పద్ధతి తేలిక. గాజు డెసికేటర్ అడుగున గాఢ హైడ్రోక్లోరిక్ ఆసిడ్ ఉన్న బీకరు, పైన పింగాణీ పలక మీద ఫిల్టర్లు. మూత పెట్టి ఫ్యూమ్ హుడ్‌లో 12 నుంచి 24 గంటలు ఉంచాలి. తర్వాత ఆసిడ్ తీసేసి, మిగిలిన ఆవిరిని సోడియం హైడ్రాక్సైడ్ గుళికలు పెట్టి పీల్చనిచ్చి, 60 డిగ్రీల దగ్గర మళ్లీ ఆరబెట్టాలి. డెసికేటర్‌లో లోహపు పలక, లోహపు క్లిప్పు ఏదీ ఉండకూడదు. తుప్పు ఫిల్టర్ మీద రాలుతుంది.

ఇక్కడ చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది క్యాప్సూల్‌తో, అంటే ఫిల్టర్‌ను యంత్రంలో వేయడానికి చుట్టే చిన్న లోహపు కప్పుతో. మామూలుగా వాడే తగరపు క్యాప్సూల్ ఆసిడ్ తగిలితే పెళుసెక్కి చిరిగిపోతుంది. ఆసిడ్ పట్టించిన ఫిల్టర్‌ను వెండి క్యాప్సూల్‌లో పెట్టి, బయట తగరంతో చుట్టడం మంచిది. ఆసిడ్ పూర్తిగా పోకుండా యంత్రంలో వేస్తే లోపలి ఉత్ప్రేరకం, రాగి రెండూ దెబ్బతింటాయి.

ఆసిడ్ వల్ల కొంత నత్రజని పోయే అవకాశం, దాని ఐసోటోపు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) అంకె మారే అవకాశం కూడా ఉంది. వీలైతే జత ఫిల్టర్లు తీసుకోండి. ఆసిడ్ పట్టించిన ఫిల్టర్ నుంచి కార్బన్, పట్టించనిదాని నుంచి నత్రజని తీసుకోవచ్చు. నీరు తక్కువై ఒక్క ఫిల్టరే ఉంటే దాన్ని సగానికి కోసినా సరిపోతుంది. బురద సమంగా పరుచుకుందో లేదో చూసి మరీ కోయండి.

సీహెచ్ఎన్ యంత్రం (కార్బన్, హైడ్రోజన్, నత్రజని కొలిచేది) లోపల ఏం జరుగుతుంది?

హీలియం ప్రవాహంలో ఉన్న దహన గొట్టంలోకి క్యాప్సూల్ పడుతుంది. ఆ క్షణంలో ఆక్సిజన్ వదులుతారు. గొట్టం వెయ్యి డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది గానీ, తగరం మండినప్పుడు కాసేపు 1,700 డిగ్రీలు దాటుతుంది. కార్బన్ అంతా కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. నత్రజని రకరకాల ఆక్సైడ్లుగా వస్తుంది. 650 డిగ్రీల రాగి వాటిని మామూలు నత్రజని వాయువుగా మారుస్తుంది, మిగిలిన ఆక్సిజన్‌ను కూడా పట్టేస్తుంది. కార్బన్, నత్రజని మాత్రమే కావాలనుకున్నప్పుడు నీటి ఆవిరిని మెగ్నీషియం పెర్‌క్లోరేట్ పీల్చుకుంటుంది. తర్వాత ఒక కాలమ్ రెండు వాయువులనూ విడదీస్తే, ఉష్ణ వాహకతను కొలిచే డిటెక్టర్ ఒకదాని తర్వాత ఒకటి రెండు శిఖరాలు చూపిస్తుంది.

శిఖరాన్ని మైక్రోగ్రాములుగా మార్చడానికి అసిటనిలైడ్ వాడతారు. అందులో బరువు ప్రకారం 71.09 శాతం కార్బన్, 10.36 శాతం నత్రజని ఉంటాయి. మీ శాంపిళ్లు 20 నుంచి 300 మైక్రోగ్రాముల మధ్య ఉంటే స్టాండర్డ్ కూడా ఆ పరిధిలోనే తూచాలి. అంటే 0.03 నుంచి 0.4 మిల్లీగ్రాముల దాకా. ఈ పనికి మైక్రోబ్యాలెన్స్ తప్పదు. తూకం సులువుగా ఉంటుందని 2 మిల్లీగ్రాములు వేసి గీసిన క్యాలిబ్రేషన్ గీత కింది భాగంలో మిమ్మల్ని మోసం చేస్తుంది.

బ్లాంక్ గురించి ఎందుకింత పట్టుబడతారు?

పీఓసీలో సగం వివాదాలు బ్లాంక్ గురించే కాబట్టి.

మూడు రకాల బ్లాంకులున్నాయి. ఖాళీ క్యాప్సూల్ వేస్తే వచ్చేది యంత్రం బ్లాంక్. కాల్చిన ఫిల్టర్‌ను నీరేదీ పోయకుండా నేరుగా క్యాప్సూల్‌లో పెట్టి వేస్తే వచ్చేది ఫిల్టర్ బ్లాంక్. ఈ రెండూ అందరూ చేస్తారు. మూడోదాన్నే వదిలేస్తారు. సముద్రపు నీరు గాజు పీచు మీదుగా వెళ్తున్నప్పుడు కరిగిన సేంద్రియ పదార్థం కొంత ఆ పీచుకు అతుక్కుంటుంది. అది రేణువు కాదు, కానీ యంత్రం దాన్నీ పీఓసీగానే లెక్కిస్తుంది. డీఓసీ పీఓసీకి పదుల రెట్లు ఉంటుందని పైన చెప్పుకున్నాం. అందులో ఒక శాతం అతుక్కున్నా లోతు నీటి ఫలితం తలకిందులైపోతుంది.

దీన్ని కొలవడానికి మార్గాలున్నాయి. గరాటులో ఒకదాని కింద ఒకటి రెండు ఫిల్టర్లు పెడితే, పైది రేణువులను ఆపుతుంది, కిందిది అతుక్కునే భాగాన్ని చూపిస్తుంది. కొన్ని చిన్న రేణువులు పై ఫిల్టర్ దాటి కిందిదాని మీద పడతాయన్న అభ్యంతరం ఉంది, అది నిజమే. ఇంకో మార్గం, 0.2 మైక్రాన్ల ఫిల్టర్ గుండా తీసిన నీటిని కొత్త జీఎఫ్/ఎఫ్ మీద పోయడం. మూడోది ఒకే నీటిని అర లీటరు, లీటరు, రెండు లీటర్లు, నాలుగు లీటర్లు పోసి, వచ్చిన కార్బన్‌ను వాల్యూమ్ మీద గ్రాఫ్ గీయడం. గీత సున్నా వాల్యూమ్ దగ్గర ఎక్కడ తగులుతుందో అదే బ్లాంక్. నాకు మూడోదాని మీద నమ్మకం ఎక్కువ. నీరు, టైమ్ రెండూ ఎక్కువే పడతాయి, కాబట్టి ప్రతి స్టేషన్‌లో కాకపోయినా క్రూయిజ్‌కు కొన్నిసార్లు చేస్తే చాలు.

బాటిల్ నీటితో వచ్చే పీఓసీ, లోతులో నడిచే పంపుతో వచ్చే పీఓసీ ఒకదానితో ఒకటి కలవవని చాలా కాలంగా తెలుసు. మామూలుగా బాటిల్ అంకెలే ఎక్కువ. చిన్న వాల్యూమ్ మీద ఇలా అతుక్కున్న కార్బన్ ప్రభావం ఎక్కువగా కనిపించడం అందుకు ఒక ముఖ్య కారణం. పంపు పట్టలేని జంతు ప్లవకాలు, పంపు ఒత్తిడికి జారిపోయే రేణువులు మిగతా కారణాలు.

సీహెచ్ఎన్ యంత్రం లేదు. వేరే దారి ఉందా?

ఉంది. పాత తడి ఆక్సిడేషన్ పద్ధతి. ముందు ఫిల్టర్‌ను ఫాస్ఫారిక్ ఆసిడ్‌తో వేడిచేసి క్లోరైడ్ బెడద తగ్గిస్తారు. తర్వాత పొటాషియం డైక్రోమేట్, గాఢ సల్ఫ్యూరిక్ ఆసిడ్ కలిపి గంటసేపు 100 డిగ్రీలు దాటిన వేడిలో ఉంచుతారు. సేంద్రియ పదార్థం ఎంత ఉంటే డైక్రోమేట్ పసుపు రంగు అంత తగ్గుతుంది. దాన్ని 440 నానోమీటర్ల దగ్గర స్పెక్ట్రోఫోటోమీటర్‌తో చదివి, గ్లూకోజ్ స్టాండర్డ్‌తో పోలుస్తారు. మామూలు కాలేజీ ల్యాబ్‌లో కూడా చేయవచ్చు.

లోపాలు తెలుసుకుని వాడండి. ఇది కొలిచేది కార్బన్‌ను కాదు, ఆక్సిడేషన్‌కు ఎంత ఖర్చయిందన్నదాన్ని. కొవ్వు ఎక్కువున్న శాంపిల్ గ్లూకోజ్ లెక్కలో నిజం కంటే ఎక్కువ కార్బన్ చూపిస్తుంది. నత్రజని అంకె రాదు. ఆరు వేలెన్సీ క్రోమియం క్యాన్సర్ కారకం, వ్యర్థాన్ని సింక్‌లో పోయడం నేరమనే అనుకోండి.

ఫిల్టర్‌ను ఫర్నేస్‌లో కాల్చి తగ్గిన బరువును సేంద్రియ పదార్థంగా రాసేవారు కూడా ఉన్నారు. గోదావరి నీటిలాంటి బంకమట్టి నీటికి అది వద్దు. బంకమట్టి ఖనిజాల లోపల ఉన్న నీరు కూడా ఆ వేడికి పోతుంది, దాన్ని సేంద్రియమని లెక్కేస్తారు.

లెక్క ఎలా కట్టాలి?

ఒక ఉదాహరణ చూద్దాం. ఫిల్టర్ మొత్తం మీద 118 మైక్రోగ్రాముల కార్బన్ వచ్చింది. బ్లాంక్ 8. మిగిలింది 110. వడపోసిన నీరు 2.2 లీటర్లు. అంటే లీటరుకు 50 మైక్రోగ్రాములు. 12.01తో భాగిస్తే 4.2 మైక్రోమోల్స్. అదే ఫిల్టర్‌లో బ్లాంక్ తీసేశాక నత్రజని 20 మైక్రోగ్రాములైతే లీటరుకు 9.1, అంటే 0.65 మైక్రోమోల్స్. కార్బన్, నత్రజని నిష్పత్తి మోల్స్‌లో 6.4.

ఫిల్టర్‌లో ఒక ముక్క మాత్రమే కోసి వేస్తే విస్తీర్ణాల నిష్పత్తితో గుణించాలి. ఇక్కడ 47 మిల్లీమీటర్లు అని ఫిల్టర్ వ్యాసం వేసేస్తారు. నిజానికి నీరు దిగేది గరాటు లోపలి వ్యాసం మేరకే. స్కేలు పెట్టి మరక వ్యాసం కొలవండి.

నిష్పత్తిని మోల్స్‌లో చెప్తున్నారా, బరువులో చెప్తున్నారా అన్నది ప్రతి పట్టికలోనూ రాయండి. సముద్ర ప్లవకాలకు రెడ్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్త చెప్పిన 106 కార్బన్‌కు 16 నత్రజని అనే నిష్పత్తి మోల్స్‌లో 6.6 అవుతుంది, బరువులో 5.7 అవుతుంది.

ఆ నిష్పత్తితో ఏం తెలుస్తుంది? రేణువు సముద్రంలో పుట్టిందో, నది తెచ్చిందో చెప్పవచ్చా?

కొంతవరకు. తాజా ప్లవకాలది 6, 7 దగ్గర ఉంటుంది. భూమి మీది చెట్ల పదార్థంలో సెల్యులోజ్, లిగ్నిన్ ఎక్కువ, ప్రోటీన్ తక్కువ. అందుకే నిష్పత్తి 12, 15 దాటి ఇంకా పైకి వెళుతుంది. కానీ రేణువు కుళ్లేకొద్దీ నత్రజని ముందుగా పోయి సముద్రపు రేణువు కూడా పై అంకె చూపిస్తుంది. మట్టికి అంటుకున్న అమ్మోనియం అంకెను కిందికి లాగుతుంది. ఈ ఒక్క నిష్పత్తితో తీర్పు చెప్పేయకండి.

కార్బన్-13 ఐసోటోపు తోడైతే నమ్మకం పెరుగుతుంది. యంత్రం నుంచి వచ్చే వాయువును నేరుగా ఐసోటోప్ మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపుతారు. వెచ్చని సముద్రపు ప్లవకాలు సాధారణంగా మైనస్ 20, మైనస్ 22 పర్ మిల్ (వెయ్యికి ఇంత అని) దగ్గర ఉంటాయి. వరి, మడ చెట్లు, ఎక్కువ శాతం వృక్షాలు సీ3 రకం (కిరణజన్య సంయోగక్రియ తీరును బట్టి పెట్టిన పేరు), వాటిది మైనస్ 27 చుట్టుపక్కల. చెరకు, జొన్న, మొక్కజొన్న సీ4 రకం, మైనస్ 13 చుట్టుపక్కల. గోదావరి పరీవాహకంలో ఈ రెండు రకాల పంటలూ ఉన్నాయి. సీ3, సీ4 కలిసి వచ్చిన మట్టి మధ్యలో ఎక్కడో పడి సముద్రపు అంకెలా కనిపించగలదు. దానికి తోడు నదిలోనే పెరిగే మంచినీటి ప్లవకాలు మైనస్ 30 కంటే కిందికి కూడా వెళ్తాయి. కోరింగ మడ అడవుల పక్కన శాంపిల్ తీసేవారు ఆకు, మట్టి, నది ప్లవకం, సముద్ర ప్లవకం నాలుగూ విడిగా కొలిచి పెట్టుకోవాలి. పుస్తకంలో ఉన్న అంకెలను అరువు తెచ్చుకోవడం కంటే అది ఎంతో మేలు. అప్పటికీ తేలకపోతే కాపర్ ఆక్సైడ్‌తో లిగ్నిన్‌ను విడగొట్టి ఫినాల్స్ కొలవాలి. లిగ్నిన్ భూమి మీది మొక్కలదే.

టెప్ అంటే ఏమిటి? పీఓసీతో పాటే కొలవాలా?

పారదర్శకమైన జిగట రేణువులు. ప్లవకాలు, బ్యాక్టీరియా వదిలే ఆమ్ల గుణమున్న చక్కెర గొలుసులు కలిసి ఇవి ఏర్పడతాయి. మామూలు మైక్రోస్కోప్‌లో కనిపించవు. 1993లో ఆల్‌డ్రెడ్జ్, పాసో, లోగన్ ఆల్షియన్ బ్లూ రంగుతో వీటిని చూపించారు. చిన్న రేణువులను అతికించి పెద్ద ముద్దలుగా చేసేది ఇవే కాబట్టి, కార్బన్ అడుగుకు ఎలా దిగుతుందో చదివేవారికి చాలా ముఖ్యం.

0.4 మైక్రాన్ల పాలీకార్బనేట్ ఫిల్టర్ మీద, చాలా తక్కువ వాక్యూమ్‌తో వడపోస్తారు. పీహెచ్ 2.5 దగ్గర, 0.02 శాతం ఆల్షియన్ బ్లూ కొన్ని సెకన్లు పోసి, మిగిలిన రంగు కడిగేస్తారు. ఫిల్టర్‌ను 80 శాతం సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో రెండు గంటలు నానబెట్టి 787 నానోమీటర్ల దగ్గర చదువుతారు. ఫలితాన్ని జాంథాన్ గమ్‌తో పోల్చి చెప్తారు. రంగు ప్రతి సీసాకూ కొద్దిగా మారుతుంది, నిలవ ఉంటే గడ్డకడుతుంది. వాడే రోజు 0.2 మైక్రాన్ల ఫిల్టర్ గుండా తీయాలి, ప్రతి కొత్త ద్రావణానికీ కొత్త క్యాలిబ్రేషన్ చేయాలి. దీన్ని తప్పించుకునే దారి లేదు.

ప్రోటీన్, పిండి పదార్థం, క్లోరోఫిల్ కూడా కావాలంటే?

క్లోరోఫిల్‌కు 90 శాతం అసిటోన్, చీకటి, చల్లదనం, ఫ్లోరోమీటర్. పిండి పదార్థానికి ఫినాల్, సల్ఫ్యూరిక్ ఆసిడ్ పద్ధతి, 490 నానోమీటర్లు. అమినో ఆసిడ్లకు 6 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌తో 110 డిగ్రీల దగ్గర దాదాపు ఒక రోజు విడగొట్టి హెచ్‌పీఎల్‌సీ (ద్రవంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం). ప్రతిదానికీ విడి ఫిల్టర్ కావాలి, అంటే ఇంకా నీరు కావాలి. స్టేషన్‌కు బయల్దేరేముందే మొత్తం లీటర్ల లెక్క వేసుకోండి.

సెడిమెంట్ ట్రాప్ ఈ పనిలో ఎక్కడ వస్తుంది?

ఫిల్టర్ చెప్పేది ఆ క్షణాన నీటిలో ఎంత ఉందో. ఎంత కిందికి దిగుతోందో చెప్పేది ట్రాప్. గరాటు ఆకారంలో ఉండి, అడుగున తిరిగే కప్పులతో, నెలల తరబడి లోతులో వేలాడుతుంది.

బంగాళాఖాతంలో ఈ పని గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీలోని హాంబర్గ్ విశ్వవిద్యాలయం కలిసి 1987లో మొదలుపెట్టాయి. ఉత్తరం, మధ్య, దక్షిణ భాగాల్లో ట్రాప్‌లు దించారు. ఇట్టెక్కోట్, ఆయన సహచరులు 1991లో ప్రచురించిన ఫలితం ఇప్పటికీ నన్ను కట్టిపడేస్తుంది. నదుల నీరు, మట్టి ఎక్కువగా వచ్చే కాలంలో రేణువుల ప్రవాహం పెరిగింది. నదులు తెచ్చిన ఖనిజ రేణువులు సేంద్రియ ముద్దలకు బరువునిచ్చి వేగంగా అడుగుకు తీసుకెళ్తున్నాయన్న ఆలోచన అక్కడి నుంచి బలపడింది. పై పొరలో ఉత్పత్తి అరేబియా సముద్రమంత లేకపోయినా, బంగాళాఖాతం లోతుకు కార్బన్‌ను బాగానే దింపుతుంది. మనం ఫిల్టర్ మీద చిరాకు పడే ఆ బురదే కార్బన్‌ను మోసుకెళ్తోందన్న మాట.

ల్యాబ్‌లోకి వచ్చాక ట్రాప్ శాంపిల్‌తో పని వేరు. కప్పుల్లో కుళ్లకుండా మెర్క్యురిక్ క్లోరైడ్ గానీ ఫార్మలిన్ గానీ వేసి ఉంటుంది. తనంతట తానుగా ఈదుకుంటూ వచ్చి చచ్చిన జంతువులను మైక్రోస్కోప్ కింద ఏరేయాలి, అవి దిగిన రేణువులు కావు. తర్వాత శాంపిల్‌ను స్ప్లిటర్‌తో సమాన భాగాలు చేసి, ఒక భాగం కార్బన్‌కు, ఒకటి కార్బనేట్‌కు, ఒకటి ఓపల్‌కు (ప్లవకాల గుల్లల్లోని సిలికా) పంపుతారు. ఫార్మలిన్ వాడితే అందులో కూడా కార్బన్ ఉందని గుర్తుంచుకోండి.

మైక్రోప్లాస్టిక్ కూడా పీఓసీలో కలుస్తుందా?

కలుస్తుంది, మండితే అదీ కార్బన్ డయాక్సైడే. రెండు లీటర్ల నీటిలో ఒక్క దారం పోగు పడినా చిన్న శాంపిల్‌లో తేడా కనిపించవచ్చు. అది ఎక్కువసార్లు మన బట్టల నుంచి వచ్చేదే. కాటన్ కోటు వేసుకోండి, గరాటు మీద మూత పెట్టండి. ప్లాస్టిక్‌నే కొలవాలంటే దారి వేరు. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో సహజ సేంద్రియ పదార్థాన్ని కరిగించి, మిగిలిన ముక్కలను ఇన్‌ఫ్రారెడ్ లేదా రామన్ స్పెక్ట్రోస్కోపీతో గుర్తుపట్టాలి.

ఉపగ్రహం పీఓసీ చూపిస్తోంది కదా, ఇంత కష్టం ఎందుకు?

ఉపగ్రహం కార్బన్‌ను చూడదు, నీటి రంగును చూస్తుంది. నీలి, ఆకుపచ్చ కాంతుల నిష్పత్తిని పీఓసీగా మార్చే సూత్రం ఫిల్టర్ల మీద కొలిచిన అంకెల నుంచే వచ్చింది. ఫిల్టర్ బ్లాంక్ తప్పితే ఉపగ్రహ పటమూ తప్పుతుంది. పైగా అది పై పొరకే పరిమితం, రుతుపవన మేఘాల కింద ఏమీ కనిపించదు, బురద నీటి తీరంలో మట్టిని సేంద్రియమని పొరబడుతుంది. మనకు గోదావరి వరద కాలం డేటా సరిగ్గా ఆ రుతుపవన నెలల్లోనే కావాలి.

రిపోర్ట్‌లో, డేటా షీట్‌లో ఏమేం రాయాలి?

ఫిల్టర్ రకం, కాల్చిన వేడి, వడపోసిన వాల్యూమ్, ముందు మెష్ వాడారా లేదా, వాక్యూమ్, నిలవ చేసిన తీరు, ఆసిడ్ పట్టించారా, ఏ బ్లాంక్ తీశారు, దాని సగటు, అటూ ఇటూ తేడా, జత శాంపిళ్లు ఎంత దగ్గరగా వచ్చాయి. బ్లాంక్ తీసేయకముందు అంకె, తీసేశాక అంకె రెండూ విడివిడి కాలమ్‌లలో ఇవ్వండి. పదేళ్ల తర్వాత ఎవరైనా మెరుగైన బ్లాంక్‌తో మీ డేటాను సరిచేసుకోగలుగుతారు.

కొలిచాక మిగిలిన సగం ఫిల్టర్లను పారేయవచ్చా?

వద్దు. థీసిస్ ఆమోదం పొందేదాకా మైనస్ 20లో ఉంచండి. పరీక్షకుడు నత్రజని ఐసోటోప్ అడిగినా, ఏదో ఒక స్టేషన్ అంకె మిగతావాటితో కలవకపోయినా, మళ్లీ ఓడ ఎక్కే అవకాశం ఉండదు. ఆ సగం ముక్క ఉంటే యంత్రంలో మళ్లీ వేసి చూసుకోవచ్చు.